మిద్దె తోట రాతలతో మొదలెట్టి బ్లాగుని చిన్న వ్యాపారంగా నడపడం ఎలా? డొమైన్ కొనడం నుంచి మొదటి డబ్బులు పడేదాకా

తెలుగులో బ్లాగు పెడితే డబ్బులొస్తాయా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, వస్తాయి గానీ మీరు అనుకుంటున్న చోట నుంచి రావు. మన సైట్‌లో ప్రకటనలు చూపించి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ అప్రూవల్ వచ్చేస్తే ఇక నెలనెలా జీతంలా పడిపోతుందని అందరూ అనుకుంటారు, నేనూ అలా అనుకునే మొదలెట్టా. ఇప్పుడు నా లెక్కల పుస్తకం తీసి చూస్తే యాడ్స్ డబ్బు కూరలో ఉప్పంత, ఉండాలి కానీ దాంతో కడుపు నిండదు. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందో, దానికోసం ఏది ముందు చెయ్యాలో ఏది తర్వాత చెయ్యాలో వరసగా చెప్తా. నాది మిద్దె తోట బ్లాగు, రాజమండ్రిలో మా డాబా మీద పెంచే బెండ, వంగ, సొరపాదుల గురించి రాస్తుంటా, అందుకని ఉదాహరణలన్నీ అవే వస్తాయి, మీ సబ్జెక్ట్‌కి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి పని: ఏం రాయాలో తేల్చుకోవడం

సినిమా, ఉద్యోగ నోటిఫికేషన్లు, రాశిఫలాలు, అన్నీ కలిపి ఒకే బ్లాగులో పెడదామనుకుంటే ఇప్పుడే మానుకోండి. వాటిల్లో పెద్ద పెద్ద టీములున్న సైట్లతో పోటీ, వాళ్ళు నిమిషానికొకటి వేస్తుంటే మనం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి రాత్రి పదింటికి ఏం రాస్తాం.

ఒక తెల్ల కాగితం తీసుకుని మీ సబ్జెక్ట్ మీద 50 హెడ్డింగులు రాయండి. ఇరవై దగ్గర ఆగిపోతే ఆ సబ్జెక్ట్ మీది కాదు, లేదా మరీ సన్నది. యాభై వచ్చాయంటే ఇంకో ప్రశ్న వేసుకోండి, ఇది చదివేవాళ్ళు దీనికోసం డబ్బు పెట్టి ఏమైనా కొంటారా? మిద్దె తోట వాళ్ళు గ్రో బ్యాగులు కొంటారు, కోకోపీట్ కొంటారు, వేపనూనె, స్ప్రేయర్, వర్మీకంపోస్ట్ కొంటారు, కడియం నర్సరీలకి వెళ్ళినప్పుడు అవసరం లేకపోయినా నాలుగు మొక్కలు కొంటారు. కవితల బ్లాగు పెట్టుకోండి, తప్పేం లేదు, కానీ దాన్ని వ్యాపారం అనకండి, అది వేరే సంతోషం.

మూడోది, ఆ పని మీరు చేతులతో చేస్తున్నారా లేదా. గూగుల్ వాళ్ళు పేజీల నాణ్యత చూసే గైడ్‌లైన్స్‌లో 2022 డిసెంబర్‌లో అనుభవం అనే మాట కొత్తగా చేర్చారు, అంటే రాసినవాడికి ఆ పని స్వయంగా చేసిన అనుభవం ఉందా అని. పైగా 2024 నుంచి సెర్చ్‌లో పైనే ఏఐ సమాధానం కనపడుతోంది, "బెండ విత్తనం ఎన్ని రోజులకి మొలుస్తుంది" లాంటి ఒక్క ముక్క ప్రశ్నలకి జనం మీ పేజీ దాకా రానే రారు. అదే "మా డాబా మీద సొరపాదు 60 రోజుల డైరీ, ఏ రోజు ఏం చేశా, ఎక్కడ తప్పు చేశా" అని ఫొటోలతో రాస్తే అది రెండు లైన్లలో తేలిపోయేది కాదు, పేజీ తెరిచి చూడాల్సిందే.

రెండో పని: డొమైన్, హోస్టింగ్

డొమైన్ అంటే మీ సైట్ పేరు, హోస్టింగ్ అంటే ఆ సైట్ ఫైళ్ళు ఉంచే అద్దె చోటు. ఖర్చు చాలా మంది భయపడేంత ఉండదు. డాట్ ఇన్ డొమైన్ ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల్లోపు దొరుకుతుంది, డాట్ కామ్ కొంచెం ఎక్కువ. మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి మురిసిపోకండి, రెన్యువల్ రేటు ఎంతో చూసి కొనండి. హోస్టింగ్ కూడా అంతే, పెద్ద అక్షరాలతో కనపడే నెల రేటు మూడు నాలుగేళ్ళకి ఒకేసారి కడితే వచ్చే రేటు. మొదట ఒక్క ఏడాదికే తీసుకోండి, ఏడాది తర్వాత మీరే ఉంటారో లేదో ఎవరికి తెలుసు.

బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్ బ్లాగరా, వర్డ్‌ప్రెస్సా అంటే, సరదాకి రాసేవాళ్ళకి బ్లాగర్ చాలు, ఫ్రీ, సర్వర్ గొడవ ఉండదు. మీ సొంత వస్తువు అమ్మాలి, చదివేవాళ్ళ లిస్టు కట్టుకోవాలి అనుకుంటే మాత్రం మొదటి రోజు నుంచే సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్ పెట్టుకోండి, తర్వాత మారాలంటే లింకులన్నీ సరిచేసుకోలేక చస్తాం.

ఒక్క జాగ్రత్త. డొమైన్ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో, మీ కార్డుతో కొనండి. నాకు తెలిసినబ్బాయి ఒకతను "అక్కా నేను సెట్ చేసిస్తా" అని తన మెయిల్‌తో రిజిస్టర్ చేశాడు, మంచివాడే, కానీ ఉద్యోగం మారి ఆ మెయిల్ వాడటం మానేశాడు, రెన్యువల్ నోటీసులన్నీ అక్కడికే పోయాయి. పొద్దున్న లేచి చూస్తే సైట్ లేదు. గడువు అయిపోయాక కొన్నాళ్ళు వెనక్కి తీసుకునే అవకాశం ఉంటుంది కాబట్టి బతికిపోయా, ఆ అబ్బాయిని వెతికి పట్టుకోడానికి నాలుగు రోజులు పట్టింది.

మూడో పని: తెలుగు చక్కగా కనపడేలా చెయ్యడం

ఇంగ్లీషు గైడ్లు చదివి సెట్ చేసుకున్నవాళ్ళకి ఇది అస్సలు తట్టదు. థీమ్‌లో, అంటే సైట్ డిజైన్‌లో, అక్షరాల వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి సరిపోయేలా ఉంటుంది, మన అక్షరానికి పైన గుడి దీర్ఘాలు, కింద వత్తులు. "లక్ష్మి" కింద "స్త్రీ" వచ్చిందనుకోండి, పై వరస వత్తు కింది వరస గుడిలోకి దూరిపోతుంది, చదివేవాళ్ళకి ఏదో చిరాగ్గా ఉంటుంది కానీ ఎందుకో తెలీదు, వెళ్ళిపోతారు. ఆ ఖాళీని చెప్పే లైన్ హైట్ 1.8 దగ్గర పెట్టండి, అక్షరం సైజు ఫోన్‌లో 18 తగ్గకుండా చూడండి. ఫాంట్ అయితే పేజీలో మామూలు రాతకి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ బాగుంటాయి, హెడ్డింగులకి రామభద్ర పెట్టుకోవచ్చు, అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ. ఐదారు ఫాంట్లు ఎక్కించకండి, ఒకటి చాలు, మహా అయితే రెండు.

ఇంకోటి, పేజీ లింకు. వర్డ్‌ప్రెస్ మీరు తెలుగులో పెట్టిన హెడ్డింగునే లింకుగా తీసేసుకుంటుంది. తెలుగు యూనికోడ్ అక్షరం ఒక్కొక్కటీ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసేసరికి పర్సెంట్ గుర్తులతో తొమ్మిది గుర్తులవుతుంది. "ఆవకాయ" అన్న చిన్న మాటే దీర్ఘంతో కలిపి ఐదు యూనికోడ్ అక్షరాలు, అంటే 45 గుర్తులు. మొత్తం హెడ్డింగు అయితే మూరెడు పొడవు, చూసినవాళ్ళు అదేదో వైరస్ లింకు అనుకుంటారు, మా అత్తయ్య నిజంగానే అనుకున్నారు. అందుకని పబ్లిష్ కొట్టే ముందు లింకుని మూడు నాలుగు చిన్న మాటల్లో, ఇంగ్లీషు అక్షరాల్లో మార్చుకోండి. పబ్లిష్ అయ్యాక మాత్రం మార్చకండి.

ఫొటోలు ఫోన్‌లో తీసినవి తీసినట్టు ఎక్కిస్తే ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, మన జనం ఎక్కువగా చూసేది మొబైల్ డేటా మీద. వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 150 కేబీ లోపు ఉండేలా చూసుకోండి. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనపడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత.

నాలుగో పని: రాయడం, అసలు పని ఇదే

మందార చెట్లకి పట్టే పిండినల్లి మీద నేను రాసిన పేజీ కథ చెప్తా, దీంట్లోనే సగం పాఠం ఉంది. మొదట దానికి నేను పెట్టిన హెడ్డింగు "మందారలో పిండినల్లి యాజమాన్య పద్ధతులు". చూడండి ఎంత పద్ధతిగా ఉందో, వ్యవసాయ శాఖ కరపత్రంలా. ఎవ్వరూ రాలేదు. కొన్ని నెలల తర్వాత సైట్ గూగుల్‌లో ఎలా కనపడుతోందో చూపించే ఫ్రీ టూల్ సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి జనం ఏ మాటలు కొట్టి నా సైట్ దాకా వస్తున్నారో చూశా. ఒక్కరు కూడా పిండినల్లి అని కొట్టలేదు. "మందార చెట్టుకి తెల్ల పురుగు", "మందార ఆకుల కింద తెల్లగా బూజు", ఇవే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసినవి ఇంకా ఎక్కువ. పాపం వాళ్ళకి దాని పేరు తెలిస్తే నా దగ్గరకి ఎందుకొస్తారు?

అప్పుడు హెడ్డింగు "మందార చెట్టుకి తెల్లగా దూదిలా పట్టిందా? అది పిండినల్లి, ఇలా వదిలించుకోండి" అని మార్చా. మొదటి పేరాలోనే జవాబు పెట్టేశా, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి కొంచెం లిక్విడ్ సోప్, సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి, వారం తర్వాత మళ్ళీ కొట్టాలి అని. కింద నా చెట్టు ఫొటోలు, కొట్టక ముందు ఒకటి, వారానికి ఒకటి, రెండు వారాలకి ఒకటి. దాని కింద చీమలు ఆ పురుగుని ఎలా మోసుకొస్తాయో ఒక పేరా. అంతే. ఇప్పటికీ నా సైట్‌లో ఎక్కువమంది చదివే పేజీల్లో అదొకటి.

కాబట్టి పద్ధతి ఇది. హెడ్డింగు చదివేవాళ్ళ నోట్లో మాట అయ్యుండాలి, జవాబు పైనే ఉండాలి, మీ సొంత ఫొటోలు ఉండాలి, పేజీలో ఒక్కచోటైనా వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా టైప్ చేస్తారో అలాంటి రూపం ఉంటే మంచిది, ఫొటో పేరులోనో లింకులోనో పెట్టెయ్యొచ్చు. సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల లిస్టు, సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వడం మర్చిపోకండి.

టైపింగ్ కష్టమనేవాళ్ళకి చిట్కా, గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మైకు నొక్కి మాట్లాడండి. నేను మొక్కలకి నీళ్ళు పోస్తూ సగం పేజీ చెప్పేస్తా. ఫుల్‌స్టాప్‌లు పెట్టదు, కొన్ని మాటలు వింతగా రాస్తుంది, తర్వాత కూర్చుని సరిచేసుకోవాలి. ఏఐతో పేజీలకి పేజీలు రాయించి పెట్టేవాళ్ళున్నారు, నాకు నచ్చదు, అది వేరే విషయం, కానీ అలా జనానికి పనికిరాని పేజీలు గుట్టలుగా పోసే సైట్లని స్పామ్ కింద చూస్తామని గూగులే 2024 మార్చిలో చెప్పింది.

ఎన్ని రాయాలి అంటే వారానికి ఒకటి, ఏడాదికి యాభై, మొదటి కాగితం మీద రాసుకున్నారుగా అవే. సీజన్ చూసుకోండి. వర్షాకాలం బెండ, బీర, సొర విత్తనాల పేజీ జూన్‌లో వేస్తే అప్పటికే జనం విత్తేసి ఉంటారు, గూగుల్ మీ పేజీని పైకి తేవడానికి కూడా టైమ్ పడుతుంది, ఏప్రిల్‌లోనే వేసెయ్యాలి. టొమాటో, క్యాబేజీ, పాలకూర లాంటి శీతాకాలం పంటలవి ఆగస్టులో. వంటల వాళ్ళయితే ఆవకాయ పేజీ ఫిబ్రవరిలో పెట్టాలి, మామిడికాయలు మార్కెట్లోకి వచ్చాక కాదు. పాత పేజీనే ఏటా కొత్త ఫొటోలతో సరిచెయ్యండి, అదే విషయం మీద రెండో పేజీ పెట్టకండి.

ఐదో పని: చదివేవాళ్ళని మీ దగ్గర ఉంచుకోవడం

ఒకప్పుడు కూడలి, జల్లెడ లాంటి చోట్ల తెలుగు బ్లాగులన్నీ ఒక్క దగ్గర కనపడేవి, జనం అటు నుంచి వచ్చేవాళ్ళు. ఇప్పుడా రోజులు లేవు. గూగుల్ ఇవాళ పంపిస్తుంది రేపు మానేస్తుంది, ఫేస్‌బుక్ పేజీలో లింకు పెడితే పదిమందికి చూపిస్తుంది. అందుకని మీ చేతిలో ఉండే లిస్టు ఒకటి కావాలి.

తెలుగువాళ్ళకి మెయిల్ కన్నా వాట్సాప్ బాగా పనిచేస్తుంది. నేను మొదట గ్రూప్ పెట్టా, గుడ్ మార్నింగ్ ఫొటోలు, దేవుడి బొమ్మలు, ఎవరో ఒకరు రియల్ ఎస్టేట్ ప్లాట్ల మెసేజ్. పైగా గ్రూప్‌లో అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి, ఆడవాళ్ళు చాలామంది ఆ కారణంగానే బయటికి పోయారు. 2023 సెప్టెంబర్‌లో మన దేశంలో వాట్సాప్ ఛానెళ్ళు వచ్చాక అటు మారిపోయా, అక్కడ ఒకరి నంబర్ ఇంకొకరికి కనపడదు, మనం పెట్టిందే వెళ్తుంది. ప్రతి పేజీ చివర ఛానెల్ లింకు. ఆదివారం పొద్దున్న ఒక చిట్కా, ఒక లింకు, అంతకన్నా ఎక్కువ పంపితే మ్యూట్ చేస్తారు.

అయినా మెయిల్ లిస్టు కూడా పెట్టండి, ఎందుకంటే ఛానెల్ కూడా ఇంకొకరి ఇల్లే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్ళు మెయిల్ చూస్తారు. ఒకే పేజీ కడపలో తెరిస్తే వచ్చే యాడ్ రేటుకీ అమెరికాలో తెరిస్తే వచ్చే రేటుకీ చాలా తేడా ఉంటుంది, యాడ్ ఇచ్చే కంపెనీలు అక్కడ ఎక్కువ పెడతాయి కాబట్టి. "అమెరికా బ్యాక్‌యార్డులో గోంగూర, దొండ పెంచడం" లాంటివి రాస్తే ఆ జనం వస్తారు, కానీ అక్కడి చలి సంగతి మీకు తెలియకుండా రాయకండి, అక్కడ పెంచుతున్న చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళని అడిగి వాళ్ళ ఫొటోలతోనే రాయండి.

ఆరో పని: డబ్బు

యాడ్‌సెన్స్ తెలుగుకి 2018 నుంచి ఉంది. పాతిక ముప్పై మంచి పేజీలు, పరిచయం పేజీ, ప్రైవసీ పాలసీ, కాంటాక్ట్ పేజీ ఉన్నాకే అప్లై చెయ్యండి. సంపాదన 10 డాలర్లు దాటాక అడ్రస్ సరిచూడటానికి గూగుల్ పంపే పిన్ నంబర్ కాగితం పోస్టులో మీ ఇంటికి వస్తుంది, నాలుగు నెలల్లో దాన్ని ఎక్కించకపోతే యాడ్స్ ఆగిపోతాయి. అడ్రస్‌లో నేను పాత డోర్ నంబర్ రాసి రెండు నెలలు ఎదురుచూశా, మీరలా చెయ్యకండి, ఫోన్ నంబర్ కూడా అడ్రస్ లైన్లోనే రాసెయ్యండి. 100 డాలర్లు నిండితే మరుసటి నెల 21 నుంచి 26 తారీఖుల మధ్య డబ్బు పంపిస్తారు, విదేశం డబ్బు రావడానికి బ్యాంకుకి ఉండే స్విఫ్ట్ కోడ్ కావాలి.

ఇప్పుడు ఆ 100 డాలర్ల లెక్క చూద్దాం. వెయ్యి పేజీలు చూస్తే అర డాలర్ వస్తుందనుకోండి, వందకి రెండు లక్షల సార్లు పేజీలు తెరవాలి. చిన్న బ్లాగుకి అది ఎన్ని నెలలో మీరే ఊహించుకోండి. అందుకే ఉప్పంత అన్నది.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది, చుట్టాలు. మా బాబాయి ఓ రోజు ఫోన్ చేసి "అమ్మాయ్, నీ సైట్లో ఆ ప్రకటనలు రోజూ పదేసి సార్లు నొక్కుతున్నానే, నీకు డబ్బులొస్తాయని" అన్నాడు ప్రేమగా. నా గుండె ఆగినంత పనైంది. అలాంటి నొక్కుళ్ళు దొంగ క్లిక్కుల కింద లెక్క, అకౌంటే మూసేస్తారు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతా, చదువు చాలు" అని చెప్పా. మీ ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పుకోండి.

రెండో దారి అఫిలియేట్, అంటే మీ లింకు నుంచి ఎవరైనా వస్తువు కొంటే వచ్చే కమిషన్. అమెజాన్ అసోసియేట్స్‌లో చేరితే 180 రోజుల్లో మూడు అమ్మకాలు రావాలి, లేకపోతే అకౌంట్ పోతుంది, అందుకని జనం రాకముందే చేరకండి. నేను వాడని వస్తువు లింకు పెట్టను. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు మూడు రకాలు కొని ఒక ఎండాకాలం అంతా డాబా మీద ఉంచి, ఏది చిరిగిందో ఫొటో తీసి రాశా, ఆ ఒక్క పేజీ నుంచి వచ్చినంత కమిషన్ మిగతా లింకులన్నీ కలిపినా రాలేదు. ధర అంకెల్లో రాయకండి, రేపటికి మారిపోతుంది. లింకు నుంచి కమిషన్ వస్తుందని పేజీ పైనే తెలుగులో చెప్పండి.

మూడోది సొంత సరుకు, నా బ్లాగు నిలబడింది దీని మీదే. మొదట విత్తనాలు అమ్ముదామనుకున్నా, కనుక్కుంటే విత్తనాల వ్యాపారానికి లైసెన్స్ కావాలి. తినేవి అమ్మాలంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్. అప్పుడు జనం నన్ను మళ్ళీ మళ్ళీ ఏం అడుగుతున్నారో చూశా, "మేడం ఈ నెల ఏం విత్తాలి?" అదే ప్రశ్న. దాన్నే పన్నెండు పేజీల పీడీఎఫ్ క్యాలెండర్‌గా చేశా, నెలకో పేజీ, ఏం విత్తాలి, ఏ బ్యాగులో, ఎన్నాళ్ళకి కాపు, ఏ పురుగు వస్తుంది. 99 రూపాయలు. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వేకి సుమారు 2 శాతం, ఆ ఫీజు మీద జీఎస్టీ పోతుంది, మిగతాది మనదే. వాళ్ళు అకౌంట్ ఇచ్చే ముందు సైట్‌లో రీఫండ్ పాలసీ, నిబంధనల పేజీ ఉన్నాయా అని చూస్తారు, ముందే పెట్టుకోండి. ఎవరైనా డబ్బు వెనక్కి అడిగితే వాదించకుండా ఇచ్చెయ్యండి, 99 రూపాయల కోసం ఒక మనిషిని పోగొట్టుకోవడం దండగ.

స్పాన్సర్లు అడిగితే తీసుకోవచ్చు, పైన "ప్రకటన" అని రాయండి, డబ్బు తీసుకుని రాసింది అలా చెప్పాలని 2021లోనే యాడ్స్ మండలి అంటే ఏఎస్‌సీఐ రూల్స్ పెట్టింది. "మీ పాత పేజీలో ఒక్క లింకు పెట్టండి, డాలర్లిస్తాం" అని వచ్చే మెయిళ్ళు సగం బెట్టింగ్ సైట్లవి. డిలీట్ కొట్టండి.

ఏడో పని: లెక్కలు

బ్లాగుకి వేరే బ్యాంకు అకౌంట్ ఒకటి తెరవండి, ఇంటి ఖర్చుతో కలపకండి. డొమైన్, హోస్టింగ్, ఇంటర్నెట్, కొన్న బ్యాగుల బిల్లులు ఒక ఫోల్డర్‌లో. సంపాదన ఎంత చిన్నదైనా ఐటీ రిటర్న్‌లో చూపించండి, విదేశం నుంచి వచ్చేదీ, టీడీఎస్ కోసి వచ్చేదీ వాళ్ళకి ఎలాగూ కనపడతాయి. సర్వీసులకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ సంగతి వస్తుంది, అప్పటికి ఆడిటర్ గారు మీకు ఎలాగూ ఉంటారు. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్‌లో ఫ్రీ, దానికి రెండు మూడు వేలు అడిగేవాళ్ళని నమ్మకండి.

కాపీ కొట్టేవాళ్ళతో

కొడతారు. నా సొరపాదు ఫొటో ఒక ఫేస్‌బుక్ పేజీలో "మా తోటలో" అని కనపడింది, కాయ మీద మా పిల్లాడు గీసిన గీత కూడా అలాగే ఉంది. ఫొటో మూలన కాకుండా మధ్యలో కొంచెం లేతగా పేరు వెయ్యండి, మూలన వేస్తే కత్తిరించేస్తారు. ఫేస్‌బుక్‌లో కాపీరైట్ కంప్లయింట్ ఫారం ఉంది, సైట్‌లో కాపీ అయితే గూగుల్‌కి డీఎంసీఏ ఫారం, అంటే కాపీరైట్ ఫిర్యాదు, పెట్టొచ్చు, ఒరిజినల్ ఫైల్ దాచుకుంటే రుజువుకి పనికొస్తుంది. అలాగని రోజూ వాళ్ళ వెంట పడకండి, నెలకి ఒక గంట చాలు.

వారం ఎలా గడుస్తుందంటే

సోమవారం సెర్చ్ కన్సోల్ చూసి ఒక పాత పేజీ హెడ్డింగు సరిచేస్తా. మంగళ, బుధ రాత్రులు కొత్త పేజీ, గురువారం ఫొటోలు, శుక్రవారం పబ్లిష్. శనివారం వచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబులు, వాటిల్లోంచే వచ్చే వారం హెడ్డింగు తగులుతుంది. ఆదివారం ఛానెల్‌లో చిట్కా పెట్టేసి ఫోన్ కింద పడేసి డాబా ఎక్కుతా. నెల ఆఖరి శనివారం సైట్ మొత్తం బ్యాకప్ తీసి, హోస్టింగ్ వాళ్ళ దగ్గర కాకుండా పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి పెడతా. బ్యాకప్ ఉంది కదా అని ఊరుకోకుండా ఆర్నెల్లకోసారి దాన్ని ఒక ఖాళీ సైట్‌లో ఎక్కించి తెరుచుకుంటోందో లేదో చూడండి, నాది మొదటిసారి తెరుచుకోలేదు, ఫొటోల ఫోల్డర్ టిక్ పెట్టడం మర్చిపోయి ఏడాది పాటు ఉత్తి అక్షరాలే దాచుకున్నా.